మేకల పిల్ల కాలు బాగు చేయమని ఎవరడిగారు?

నా ఎడమ కాలు పోలియోతో సన్నబడిపోయింది. పసితనంలో జ్వరం వచ్చి తగ్గిందట, కాలికి మాత్రం బలం తిరిగి రాలేదట. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు తెలిసిన నడక ఒక్కటే. కాలికి ఇనుప కమ్మీల బూటు, చంక కింద కర్ర. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తరువాత చెప్పబోయేదంతా ఈ కాలు చుట్టూ జరిగిందే.

మాది పాలమూరు వైపు. హైటెక్ సిటీలో మొదటి పెద్ద భవనం లేస్తున్న రోజుల్లో నాన్న తాపీ పనికి వచ్చి, మమ్మల్ని కూడా తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్న కొత్తగూడ కూడలికి కాస్త లోపల మా కిరాయి గది. మధ్యాహ్నం వేళ బండలు పేల్చేవారు. ముందుగా ఈల వినిపించేది, బయట ఆడుకునే పిల్లలం ఇళ్లలోకి దూరేవాళ్లం, ఆ తర్వాత రేకులు దడదడలాడేవి. భవనం పూర్తయ్యాక అమ్మ అందులోనే ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. నేను సర్కారు బడిలో ఎనిమిదో తరగతి.

మా బడిలో పుస్తకాలున్న బీరువా ఒకటే. అందులో అందరికంటే ఎక్కువగా చేతులు మారింది ఒక పలుచని పుస్తకం. దాని అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు. పిల్లలంతా ‘మేకల పిల్ల’ అనేవారు. కోస్తా నుంచి వచ్చిన మా తెలుగు సారు కూడా చిన్నప్పుడు తాను అదే కథ చదివానని, రాత్రి దుప్పట్లోకి తీసుకుపోయానని చెప్పేవారు. అట్ట ఊడిపోతే ఎవరో సంచీ గుడ్డతో కుట్టారు. నేను దాన్ని ఇంటికి తెచ్చుకుంటే మళ్లీ బీరువాకు చేర్చడానికి మనసొప్పేది కాదు.

కథ చిన్నది. ఒక ఊళ్లో మేకలు కాచే పిల్ల ఉంటుంది. ఆమెకు ఒక కాలు కుంటి. ఊళ్లోని తక్కిన పిల్లలు ఆమెను ఆటకు రానివ్వరు, ఎప్పుడూ వెనకబడుతుందని. ఒక రోజు వాళ్లంతా రేగుపళ్ల కోసం కొండ ఎక్కుతారు. గాలివాన వచ్చి దారి తప్పుతారు. పరుగెత్తుతూ ఎక్కినవాళ్లు కనుక ఎటు నుంచి వచ్చారో ఎవరికీ గుర్తుండదు. మేకల పిల్లకు మాత్రం ప్రతి బండా, ప్రతి పొదా తెలుసు. మెల్లగా నడిచే మనిషి అన్నీ చూస్తుంది కదా. ఆమె ముందు నడుస్తుంది, వాళ్లు వెనక దిగుతారు. కొండ కింద ఊరి పెద్దలు ఆమెను ఎక్కించుకుపోవడానికి బండి కట్టుకొని వస్తారు. ‘నేను నడిచే వస్తాను’ అంటుంది. అప్పుడు ఊరంతా, ఎద్దులతో సహా, ఆ పిల్ల అడుగులో అడుగు వేసుకుంటూ ఆమె వెనకే నడుస్తుంది. అంతే.

అమ్మకు చదువు రాదు. సాయంత్రం ఆమె జొన్నరొట్టెలు చేస్తుంటే నేను చదివి వినిపించేదాన్ని. చివరికి వచ్చేసరికి రొట్టె తట్టే చేయి ఆగేది.

“ఎడ్లు గూడ మెల్లగ నడిసినయా?” అని అడిగేది, ఎన్నోసారి విన్నా అప్పుడే విన్నట్టు.

ఈ కథను సినిమాగా తీశారని తెలిసినప్పుడు మా బడి మొత్తం పండగ చేసుకుంది. పొద్దుటి ఆటకు పిల్లలందరినీ తీసుకుపోతామన్నారు. నేను ఆ వారమంతా నిద్రపోలేదంటే నమ్మండి. తెర మీద నాలాగా నడిచే పిల్లను అంతకుముందు ఎక్కడా చూడలేదు. సినిమాల్లో కుంటివాళ్లు ఉండేవాళ్లు. అయితే నవ్వించేవాళ్లు, లేకపోతే గుడి మెట్ల మీద అడుక్కునేవాళ్లు. ముందు నడిచేవాళ్లు మాత్రం లేరు.

లింగంపల్లి వైపు ఉన్న థియేటర్‌కు బస్సులో తీసుకుపోయారు. నా పక్క బెంచీలో కూర్చునే పిల్ల అక్కడ కూడా నా పక్కనే కూర్చుంది. వాళ్లది కడప. వాళ్ల నాన్న మా కూడలిలో సిమెంటు, ఇనుము అమ్మే కొట్టు పెట్టాడు. ఆ పిల్ల మా బడిలో అందరికంటే బాగా డాన్స్ చేసేది. మొదటి సగం ఇద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకొని చూశాం. కొండలు మా కొత్తగూడ బండల్లాగే ఉన్నాయి. మేకలు తెర మీదికి రాగానే చిన్న తరగతుల పిల్లలు ‘మ్యా’ అని అరిచారు. మేకల పిల్ల వేషం వేసిన అమ్మాయి నడక కొంచెం అబద్ధంగా ఉంది, కుంటేటప్పుడు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరిగిపోతోంది. అయినా క్షమించాను.

గాలివాన వచ్చింది. పిల్లలు దారి తప్పారు. ఇప్పుడు ఆమె ముందు నడుస్తుందని నేను సీట్లో ముందుకు జరిగాను. నడవలేదు. కొండ మీద ఒక అమ్మవారి గుడి ఉందని, అక్కడ పడి ఏడ్చిందని చూపించారు. కింద ఊళ్లో ఆమె తల్లి కూడా ఏడ్చింది. మెరుపు మెరిసింది. కాలు తిన్నగా అయింది. మేకల పిల్ల లేచి, అందరిలోకీ చిన్నపిల్లను భుజాన వేసుకొని, పరుగెత్తుకుంటూ కొండ దిగింది. ఆ వెంటనే పాట, పాటలో డాన్స్.

థియేటర్ పగిలిపోయింది. ఈలలు, కేకలు, కుర్చీల మీద ఎక్కి గంతులు. కడప పిల్ల నా చేయి వదిలేసి రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. అంతలోనే, ఎవరు మొదలు పెట్టారో తెలియదు, మా తరగతి వాళ్లు ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. వెనక వరసల వాళ్లు కూడా మెడలు సాచారు. నా మొహంలో ఏదో చూడాలని వాళ్లకు. సంతోషమో, కన్నీళ్లో. తెలుగు సారు వెనక నుంచి వంగి నా తల మీద చేయి వేశారు.

“చూశావా అమ్మా, నమ్మకం ఉంటే ఏదైనా సాధ్యమే.”

“సార్, పుస్తకంల గిట్ల లేదు,” అన్నాను.

“సినిమా కదమ్మా,” అన్నారాయన మెత్తగా.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను. పాట అయ్యేదాకా తీయలేదు. నా మొహంలో వాళ్లు వెతికింది వాళ్లకు దొరకకూడదని పళ్లు బిగబట్టాను.

ఆదివారం మా గల్లీ ఆడవాళ్లంతా అదే సినిమాకు పోయారు. నేను చెప్పాను, అది వేరే కథ, మన కథ కాదు అని. అమ్మ వినలేదు. నన్ను కూడా లాక్కుపోయింది. గుడి ఘట్టం వచ్చినప్పుడు అమ్మ లేచి నిలబడి తెరకు దండం పెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటూ, ఆమె భుజం నిమురుతూ, నా వైపు చూస్తూ ఉన్నారు. ఆ రోజు నుంచి మా గదికి వచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒక గుడి పేరు చెప్పింది. ఫలానా చోట మొక్కుకుంటే ఫలానా వాళ్ల పిల్లకు కాలొచ్చిందని. అంతకుముందు ఎవరూ నా కాలి సంగతి ఎత్తేవారు కాదు. నేను కుంటుతాను, వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటారు. సినిమా వచ్చాక నేను వాళ్ల కళ్లకు బాగు కావలసిన పిల్లనయ్యాను.

మా గదులకు వెనక గుట్ట మీద ఒక చిన్న అమ్మవారు ఉండేది. శుక్రవారం పొద్దున అమ్మ కొబ్బరికాయ తెచ్చింది.

“నడువు బిడ్డా, గుట్టకు పోదాం. బూటు ఇడిసి ఎక్కుతె మంచిదంట.”

“ఎందుకు?”

“అడుగుదాం. అడిగితె పోయేదేముంది?”

“గుట్ట మీద కెల్లి ఆమెకు మన గల్లీ అంత కనిపిస్తది. నా కాలు కనిపిస్తలేదా? ఆమె ఊకున్నదంటె ఆమెకు ఫికర్ లేనట్టే. మరి నీకెందుకు పరేషాన్?”

అమ్మ చేయెత్తింది. కొట్టలేదు. కొబ్బరికాయ మూల పెట్టి పనికి పోయింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నేనూ తగ్గలేదు. గుట్ట ఎక్కడం నాకు కష్టమని కాదు, సెలవుల్లో ఎన్నోసార్లు ఎక్కాను, పైన కూర్చుని ఆ అద్దాల భవనం మీద ఎండ పడటం చూశాను. అడుక్కోవడానికి ఎక్కనన్నాను, అంతే.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి కొత్త కంపెనీల పెద్దలు వస్తున్నారన్నారు. కుర్చీలూ ఫ్యాన్లూ వాళ్లే ఇచ్చారట. ఏ నాటకం వేద్దామని సారు అడిగితే తరగతి మొత్తం ఒకే గొంతుతో ‘మేకల పిల్ల’ అని అరిచింది. వేషం కడప పిల్లకని సారు అక్కడికక్కడే తేల్చేశారు. నేను లేచాను.

“సార్, నేను వేస్తా.”

సారు ఇబ్బందిగా నవ్వారు. “ఆఖర్లో డాన్స్ ఉంది కదమ్మా.”

“పుస్తకంల లేదు సార్.”

“పుస్తకం ఎవరు గుర్తుపెట్టుకుంటారమ్మా ఇప్పుడు? వచ్చేవాళ్లంతా సినిమా చూసొస్తారు. డాన్స్ లేకపోతే ఊరుకోరు.”

“మీరు చిన్నప్పుడు సదివిన్రు గద సార్. దుప్పట్ల పెట్టుకొని.”

ఆయన సుద్దముక్క తీసుకొని బోర్డు వైపు తిరిగారు. మరునాడు వచ్చి మధ్యేమార్గం చెప్పారు. మొదటి సగం మేకల పిల్ల నేను. గుడి దగ్గర తెర పడుతుంది. తెర లేచేసరికి అదే లంగా ఓణీలో కడప పిల్ల ఉంటుంది. కాలు బాగైనట్టు. అందరూ భలే భలే అన్నారు. సారు తనకు అంత మంచి ఆలోచన వచ్చినందుకు మురిసిపోయారు. నా సగం అయిపోగానే నన్ను పక్కకు నెట్టి నాకంటే మంచి నన్ను తెచ్చి నిలబెడతారన్నమాట. నేను మాత్రం సరేనన్నాను. రంగస్థలం మీదికి ఎక్కడానికి నాకు దారి అదొక్కటే.

వార్షికోత్సవం సాయంత్రం బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసలో కంపెనీల వాళ్లు, ఆ వెనక తల్లిదండ్రులు, పక్కన నేల మీద చిన్న తరగతుల పిల్లలు. అమ్మ పని నుంచి నేరుగా వచ్చి వెనక గుంజ దగ్గర నిలబడింది. నాటకం బాగానే సాగింది. గాలివాన కోసం రేకు మీద గులకరాళ్లు పోశారు. దారి తప్పిన పిల్లలు ఏడ్చారు. అట్ట గుడి ముందు నేను మోకాళ్ల మీద కూర్చోవాలి, అప్పుడు తెర పడాలి.

నేను కూర్చోలేదు. అట్ట గుడిని దాటి ముందుకొచ్చి, దారి తప్పిన పిల్లలతో, “నా ఎనక రాండ్రి. నేను యాడ అడుగేస్తె మీరు ఆడ్నే ఎయ్యుండ్రి,” అన్నాను.

అది పుస్తకంలోని మాట కాదు, నాకు అప్పుడు వచ్చిన మాట. వెనక ఉన్న ఆరో తరగతి పిల్లలకు ఏం చేయాలో తోచలేదు. నేను నడిచాను, వాళ్లు వెనక నడిచారు. తెర లాగే మనిషి చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. “తెర, తెర!” అని పక్క నుంచి సారు గొంతు. ఇంతలో టేప్ రికార్డర్ దగ్గర ఉన్నవాళ్లు వేళ అయిందనుకొని పాట పెట్టేశారు. సినిమాలోని డాన్స్ పాట. డప్పులు దడదడమంటున్నాయి, నేను కర్ర ఊనుకుంటూ నా నడకే నడుస్తున్నాను. పాట వేగం పాటది, నా వేగం నాది. స్టేజీకి ఈ కొస నుంచి ఆ కొసకు పోయి మళ్లీ తిరిగాను.

అప్పుడు కడప పిల్ల వచ్చింది. నా లంగా ఓణీ లాంటిదే కట్టుకొని, కాళ్లకు గజ్జెలతో, తెర పక్క నుంచి దూకినట్టే వచ్చి స్టేజీ నడుమ నిలబడి డాన్స్ మొదలు పెట్టింది. నా వంక చూడనైనా చూడలేదు. ఇద్దరు మేకల పిల్లలం, ఒకరు ఎగురుతూ, ఒకరు కుంటుతూ, నా వెనక నవ్వాలో ఏడవాలో తెలియని పిల్లల వరస. పాట అయిపోయింది. జనం పెద్దగా చప్పట్లు కొట్టారు. ఇదంతా కావాలని ఇలా కట్టిన నాటకమే అనుకున్నారు.

ముఖ్య అతిథి ఒక కంపెనీ పెద్దాయన. స్టేజీ ఎక్కి మైకు అందుకొని, “వెరీ టచింగ్ అండి,” అన్నాడు. “ఒక పక్క కష్టం, ఒక పక్క డ్రీమ్. ఆ కాలు లేని పాప తన మనసులో డాన్స్ చేస్తోందన్నమాట. ఎంత గొప్ప ఐడియా!”

మళ్లీ చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పక్కనే ఉన్నాను. నాకు పూలబొకే ఇవ్వబోయాడు. నేను బొకే తీసుకోకుండా మైకు వైపు మెడ చాచాను.

“సార్, ఆ పిల్ల మనసుల డాన్స్ చేస్తలేదు. నడుస్తున్నది. ఆమె కాలు బాగు గాలేదు. పుస్తకంల బాగు గాలేదు. గా కాలుతోనే అందరిని కిందికి తెచ్చింది. నాకు గూడ కాలున్నది సార్, లేకుండ లేదు.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఎవరో “పాపం” అన్నారు. వెనక నుంచి ఒక ఈల వినిపించింది, మెచ్చుకోలో ఎగతాళో ఇప్పటికీ తెలియదు. నేల మీద కూర్చున్న చిన్నపిల్లలు మాత్రం కొట్టారు. వాళ్లు అప్పటిదాకా ప్రతిదానికీ కొడుతూనే ఉన్నారు లెండి.

స్టేజీ వెనక కడప పిల్ల గజ్జెలు విప్పుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నెల దినాలు నేర్చుకున్యా. అంతా చెడగొడితివి. నువ్వు ఆడ నిలబడుకుంటే నేను యాడికి పోవాల?”

“నన్ను సగం పెట్టి నిన్ను సగం పెడ్తె నేను యాడికి పోవాలె మరి?”

“నేను అడిగినానా అట్ల పెట్టమని?”

అడగలేదు. నిజమే. నేనూ అడగలేదు. ఆ ఏడాది చివరిదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమెకు దక్కాల్సిన చప్పట్లలో సగం పోయిందని నాకు తెలుసు. అయినా ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అట్ట గుడిని దాటే పోతాను. సారు నా దగ్గరికొచ్చి, “ఇక నీకు ఏ నాటకంలోనూ వేషం ఇవ్వనమ్మా,” అన్నారు. ఇవ్వలేదు కూడా. మాట మీద నిలబడ్డ మనిషి.

మరునాటి నుంచి బడిలో వింత గొడవ మొదలైంది. చిన్న తరగతుల పిల్లలు నన్ను ఆపి, “అక్కా, నిజంగ బాగు గాలేదా?” అని అడిగేవారు. పుస్తకం చదివి చూడండి అనేదాన్ని. బీరువా దగ్గర ఆ పుస్తకం కోసం తోపులాట. చదివినవాళ్లలో కొందరు నా వైపు వచ్చారు. ఒక పిల్ల మాత్రం పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, “సినిమానే నయం, దీంట్ల ఒక్క పాట లేదు,” అని పోయింది. ఆ పిల్లతో కూడా వాదించాను. ఓడలేదు, గెలవలేదు.

కానీ అసలు వాదన వార్షికోత్సవం నాడే, ఇంటికి పోయే దారిలోనే జరిగింది. అమ్మా నేనూ కూడలి దాకా నడిచాం. చివరికి నేనే అడిగాను.

“నువ్వెందుకు సప్పట్లు కొట్టలేదమ్మా?”

“నువ్వు మంచిగనే మాట్లాడినవ్. అందరి ముంగట భయపడలేదు. కానీ నాకు సినిమానే మంచిగనిపిచ్చింది.”

“అమ్మా!”

“ఏంది అమ్మా? నిజం చెప్తున్న. నువ్వు పుస్తకం సదివినప్పుడల్ల, ఆ పిల్ల తల్లి యాడున్నదా అని సూస్తుంటి. మేకలున్నయ్, ఎడ్లున్నయ్, ఊరి పెద్దలున్నరు. తల్లి ముచ్చట ఒక్కటి లేదు. సినిమాల ఉన్నది. ఏడ్సింది, అడిగింది, ఆమె బిడ్డకు కాలొచ్చింది. నేను గూడ అడిగిన. ఎన్ని దవాఖానలు తిరిగిననో నీకెర్క లేదు. రాలేదు. సినిమా సూసినంత సేపన్న వస్తె నీదేం పోయె?”



“పోతదమ్మా. గది సూసి అందరు నా దిక్కు తిరిగి సూసిండ్రు.”

“సూస్తె సూడనీ. నువ్వు గూడ సూడు, వాళ్ల దిక్కు. నువ్వేమన్న తక్కువనా?”

ఆ మాటతో ఇద్దరం ఒక పక్షమయ్యామని నేననుకున్నాను. కాలేదు. ఆ రాజీ మాకు ఇప్పటికీ కుదరలేదు. ఇప్పుడు నేను కొత్తగూడ రోడ్డు మీది ఆఫీసుల్లోనే ఒకదాంట్లో పని చేస్తున్నాను. అదే కాలు, బూటు మాత్రం తేలికైంది. అమ్మ పని మానేసింది. ఆ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా, ఆమె సోఫాలో ముందుకు జరిగి కూర్చుంటుంది, నేను పక్కన కూర్చుంటాను. మెరుపు మెరవగానే గట్టిగా, పక్క ఫ్లాటుకు వినబడేలా, “అబద్ధం!” అంటాను.

ఆమె నా వైపు తిరగదు. కొంగుతో ఒక కన్ను తుడుచుకుంటూ, “ఊకోయే, పాటొస్తున్నది,” అంటుంది.